ఎస్పెరాంతో భాషలో పరుష సరళముల తగవు

కొన్ని సంవత్సరముల క్రిందట మా తొమ్మిదవ తరగతి అర్ధసంవత్సర పరీక్షలో నొక బాలిక తన తెలుగు పత్రమున "ఆపద్కాలము" అని వ్రాసినది. మేము ఎఱ్ఱసిరాతో దకారమును కొట్టివేసి, పైన తకారమును వ్రాసి, అర మార్కు తగ్గించితిమి. పత్రములు తిరిగి యిచ్చిన దినమున ఆమె మా బల్లయొద్దకు వచ్చి, "మాస్టారూ, మాట ఆపద గదండీ? ఆపదలో దకారమే యున్నది గదండీ? ఉన్నదానినే నేను వ్రాసితిని" అని మెల్లగా ననినది. "సంధి సూత్ర మట్లున్నది, పోయి వల్లె వేయుము" అంటిమి. ఆ యర మార్కు తక్కువగుటచేతనే తెలుగు బహుమానము మఱియొక విద్యార్థికి పోయినదని తరువాత లెక్క చూచుకొన్నప్పుడు తెలిసినది. పిల్ల మఱి యేమియు ననలేదు. సూత్రము చెప్పితిమే గాని కారణము చెప్పలేదను సంగతి మాత్రము మా మనస్సున ముల్లువలె నుండిపోయినది. దాచనేల? ఆ దినమున కారణము మాకును చక్కగా తెలియదు.

తరువాత కొంతకాలమునకు ఎస్పెరాంతో యను కల్పితభాషనుగూర్చి చదువుచుండగా, ఆ బాలిక చేసిన వాదమునే శాసనముగా నంగీకరించిన భాష యొకటి లోకమున నున్నదని తెలిసికొంటిమి. అంతేకాదు, ఆ శాసనము సాగునా సాగదా యని ఆ భాషాభిమానులలోనే పెద్ద తగవు గలదు. ఈ వ్యాసమున ఆ తగవును మా విద్యార్థులకు తెలియునట్లు చెప్ప యత్నింతుము.

ముందుగా పరుషమననేమి, సరళమననేమి యనునది నోటితోనే తెలిసికొనవలెను, పుస్తకముతో కాదు. కుడిచేతి రెండు వ్రేళ్లను కంఠమణిపై మెల్లగా నుంచి "స్ స్ స్" అని పాము బుసకొట్టినట్లు పలుకుడు. వ్రేళ్ల కేమియు తగులదు. నాలుకను కదల్పకయే, తుమ్మెద ఝంకారమువలె కంఠమును మ్రోగింపుడు. వ్రేళ్ల క్రింద సన్నని యదురు తెలియును. నాలుక, దంతములు, పెదవులు అన్నియు నున్నచోటనే యున్నవి. మాఱినది కంఠ మొక్కటియే. కంఠనాళములోని రెండు నాదతంతువులు దగ్గఱకు వచ్చి గాలి తాకిడికి అదరుట చేత ఈ మ్రోత పుట్టుచున్నది. పురుషుల కంఠములో నవి సెకనుకు సుమారు 120 మార్లును, స్త్రీల కంఠములో సుమారు 200 మార్లును అదరును. తంతువు లదరక పుట్టు క చ ట త ప లను మన వ్యాకర్తలు పరుషములనిరి. అదరగా పుట్టు గ జ డ ద బ లను సరళములనిరి. గుసగుసగా మాటలాడునప్పుడు తంతువు లదరవు గనుక, గుసగుసలో "పాట"యు "బాట"యు ఇంచుమించు ఒక్కటిగానే వినవచ్చును. ఇంటివద్ద పరీక్షించి చూడుడు.

ఎస్పెరాంతోను కల్పించినవాడు లుద్విక్ ౙామెన్‌హోఫ్ అను కంటివైద్యుడు. ఈయన 1859వ సంవత్సరమున, అప్పుడు రుష్యా చక్రవర్తి యేలుబడిలో నుండి యిప్పుడు పోలండు దేశములో నున్న బియాలిస్తోక్ పట్టణమున జన్మించెను. ఆ యూర రుష్యనులు, పోలులు, జర్మనులు, యూదులు నాలుగు భాషలు మాటలాడుచు, ఒకరినొకరు నమ్మక యుండిరి. అందఱకును సమానమై, ఎవ్వరికిని సొంతము గాని భాష యొకటి యుండిన ఈ వైరము కొంత తగ్గునని తలంచి, 1887వ సంవత్సరమున వార్సా నగరమున తన మొదటి పుస్తకమును రుష్యను భాషలో ప్రకటించెను. అందు తన పేరును "డాక్టరు ఎస్పెరాంతో" అని మార్చుకొనెను. ఆశించువాడని దాని యర్థము. ఆ మాఱుపేరే భాషకు పేరైనది. వ్యాకరణము పదునాఱు సూత్రములలో ముగిసినది. ఇంత చిన్న వ్యాకరణమును చూచి మా విద్యార్థులు అసూయపడుదురని యెఱుగుదుము.

ఆ పదునాఱింటిలో తొమ్మిదవ సూత్రమే మనకు కావలసినది. ప్రతి మాటయు వ్రాసినట్లే చదువబడవలెనని దాని భావము. అక్షరములు 28, వానిలో అచ్చులు 5 మాత్రమే. తక్కిన 23 హల్లులలో 14 అక్షరములు ఏడు జంటలుగా, పరుషమున కొక సరళముచొప్పున నిలిచియున్నవి. ప బ, త ద, క గ, చ జ అను నాలుగు జంటలు మనకు తెలిసినవే. ఫకు జంట వ. సకు జంట పైని చెప్పిన తుమ్మెద ధ్వని. షకారమువంటి యొక ధ్వనికిని అట్లే మ్రోగెడు జంట కలదు. ఆ తుమ్మెద ధ్వనికి మన లిపిలో సరియైన యక్షరము లేదు గనుక, దానికి దగ్గఱగా నున్న దంత్య జకారమును వాడి యిచ్చట "ౙ" అని వ్రాయుచున్నాము.

ఈ జంటలు ఆ భాషలో అలంకారమునకు పుట్టినవి కావు. పానో యనిన రొట్టె, బానో యనిన స్నానము. కాంతో యనిన పాట, గాంతో యనిన చేతితొడుగు. ఫేరో యనిన ఇనుము, వేరో యనిన సత్యము. రోసో యనిన మంచు, రోౙో యనిన గులాబి. దీయో యనిన దేవుడు, తీయో యనిన "అది". కంఠ మొక్క క్షణము మ్రోగకపోయిన దేవుడు కాస్త ఏదో యొక వస్తువైపోవును. కావున ఈ భాషలో పరుష సరళములను కలిపివేయుట చిన్న తప్పు కాదు.

ఇక తగవు ఎచ్చట పుట్టినదో చూతము. ఓక్ అనిన ఎనిమిది, దెక్ అనిన పది; ఎనుబది ఓక్‌దెక్. ముందు కకారము పరుషము, వెంటనే దకారము సరళము. నడుమ అచ్చు లేదు. నిదానముగా పలికిన ఓక్‌దెక్ అనగలము. వడిగా పదిమార్లు పలుకుడు, ఓగ్‌దెక్ అయిపోవును. దకారమునకు కంఠము మ్రోగవలసియున్నదని ముందే యెఱిగి, నాదతంతువులు ఒక యక్షరము ముందుగానే పని మొదలుపెట్టును. బండి మలుపు తిరుగబోవునప్పుడు ఎద్దు మలుపునకు ముందే మెడ త్రిప్పినట్లు. అఱువది సేస్‌దెక్, డెబ్బది సేప్‌దెక్. ఇవియు నట్లే సేౙ్‌దెక్, సేబ్‌దెక్ అగుచుండును. ఇరువది మొదలు తొంబదివరకు గల యెనిమిది దశకములలో ఈ మూడింటికి మాత్రమే యీ చిక్కు. తక్కిన యైదింటిలో దెక్‌నకు ముందు అచ్చుగాని, కంఠము మ్రోగెడు ధ్వని గాని యున్నది.

దీనికి విరుద్ధమైన దారియు గలదు. సుబ్ అనిన క్రింద, తేని యనిన పట్టుకొనుట. సుబ్‌తేని యనిన ఆసరా యిచ్చుట. వెనుకనున్న తకారము పరుషము గనుక బకారపు మ్రోత ముందే యాగిపోయి సుప్‌తేని యగును. పియెదో పాదము, పీల్కో బంతి. మా బాలురు సాయంకాలము లాడు పుట్‌బాలునకు ఎస్పెరాంతోలో పియెద్‌పీల్కో యని పేరు. వడిగా ననిన పియెత్‌పీల్కో. తలనొప్పి కాప్‌దోలోరో, వడిగా కాబ్‌దోలోరో. వ్రాత యొకటి, పలుకు మఱియొకటి. తొమ్మిదవ సూత్ర మేమైనట్లు?

ౙామెన్‌హోఫ్ చెవికి ఈ మార్పు క్రొత్తది కాదు. రుష్యను భాషలో నిది నిత్యకృత్యము. రైలుస్టేషనునకు వారు వోక్‌ౙాల్ అని వ్రాసి వగ్‌ౙాల్ అందురు. పడవకు లోద్కా యని వ్రాసి లోత్కా యందురు. పరీక్షకు ఎక్‌ౙామెన్ అని కకారముతో వ్రాసి గకారముతో పలుకుదురు. ప్రక్కనున్న పోలులు మొగమాటము లేనివారు. వినబడినట్లే ఎగ్‌ౙామిన్ అని గకారముతోనే వ్రాసికొందురు. ఇంగ్లీషువా రొక్క యక్షరము క్రింద రెండు ధ్వనులను దాచి తప్పించుకొనిరి. వారిని విని మనము "ఎగ్జామినేషన్" అని గకారముతో వ్రాయుచున్నాము. ఎస్పెరాంతోలో మాత్ర మీ మాట ఎక్‌ౙామేనో. ఏ విద్యార్థికిని ఇష్టము లేని యీ మాటయే ఆ భాషలో నెక్కువ వాదమునకు కారణమైనది.

వకారము విషయమున ఇరుగుపొరుగు భాషలే వేఱుపడినవి. నాలుగునకు క్వార్, అయిదునకు క్విన్. రుష్యనుల వకారము తాను సరళమయ్యు ముందున్న పరుషమును మార్పదు. కావున రుష్యను క్వార్ అనియే పలుకును. పోలుల భాషలో వకారమే లొంగిపోవును. పువ్వునకు వారు క్వియత్ అని వ్రాసి క్ఫియత్ అందురు. ఆ యలవాటు విడువని పోలు క్ఫార్, క్ఫిన్ అనును. ఒకే మార్పు ఒకచోట వెనుకనుండి ముందునకును, మఱియొకచోట ముందునుండి వెనుకకును ప్రాకుచున్నదన్నమాట.

ఇంతవఱకు చదివిన మా పిల్లలకు ఇది యెక్కడో విన్నట్లుండవలెను. వాక్ అను మాటకు దేవి చేరగా వాగ్దేవి. జగత్‌నకు గురువు చేరగా జగద్గురువు. సత్‌నకు భక్తుడు చేరగా సద్భక్తుడు. ఇది ఓక్‌దెక్ ఓగ్‌దెక్ అగుటయే. ఇక శరద్ అను మాటకు కాలము చేరగా శరత్కాలము. ఆపద్‌నకు కాలము చేరగా ఆపత్కాలము. ఇది సుబ్‌తేని సుప్‌తేని యగుటయే. భేద మొక్కటి: సంస్కృత వైయాకరణులు చెవికి విన్నదానిని వ్రాతలో నెక్కించి సూత్రము కట్టిరి, ౙామెన్‌హోఫ్ కంటికి ధాతువు చెదరకుండవలెనని కోరి, ధ్వని మాఱినను మాఱకున్నను అక్షరము మాత్రము కదలరాదనెను. అందునకు ఆయన కారణము న్యాయమైనదే. ఆయన భాష నేర్చుకొనువాడు చైనావాడు కావచ్చును, బ్రెజిలువాడు కావచ్చును; నిఘంటువులో ఓక్, దెక్ అను రెండు మాటలు చూచి ఎనుబదిని తానే కట్టుకొనగలుగవలెను. ఓగ్‌దెక్ అని వ్రాసిన వాడు "ఓగ్" అను మాటకై నిఘంటువంతయు వెదకును. ఆపదను చూచి ఆపద్కాలమని వ్రాసిన బాలిక ఏ త్రోవను నడిచినదో ఇప్పుడు మీకు తెలిసియుండును.

మన తెలుగుసంధి వేఱుజాతిది. చిన్నయసూరిగారు 1858వ సంవత్సరపు బాలవ్యాకరణమున దీనిని చక్కగా వివరించిరి. ద్రుతము తరువాతి పరుషము సరళమగును: వచ్చెన్ అనుదానికి తమ్ముడు చేరగా వచ్చెను దమ్ముడు. ప్రథమ మీది పరుషములకు గ స డ ద వ లు వచ్చును: రాజు చెప్పె ననునది రాజు సెప్పె, రాజు పలికె ననునది రాజు వలికె. అన్నదమ్ములు, తల్లిదండ్రులు, కూరగాయలు అను మాటలలో వ్యాకరణ మెఱుగని ముసలమ్మయు ఈ మార్పును దినమున కెన్నిమార్లో చేయుచున్నది. ఇచ్చట మాఱునది వెనుకటి మాటలోని మొదటి హల్లు. మార్చునది దానికి ముందున్న యచ్చుగాని నకారముగాని. రుష్యనులో హల్లు హల్లును మార్చును, అదియు వెనుకనుండి ముందునకు. తమిళుల సంగతి మఱియు వింత. వారి లిపిలో కకారమునకును గకారమునకును ఒక్కటే యక్షరము. మాట మొదట పరుషముగాను, అచ్చుల నడుమ మెత్తగాను పలుకుదురు. ద్రావిడభాషలలోని ఈ నియమమును బిషప్ కాల్డ్వెల్ తన 1856వ సంవత్సరపు గ్రంథమున నిరూపించెను. అట్టి యలవాటుగల నాలుకకు దీయో, తీయో అను భేదము పట్టువడుటకు కొంత శ్రమ తప్పదు.

ఇంగ్లీషులో బహువచనపు సకారమును మీ రెఱుగుదురు. పిల్లులను క్యాట్స్ అని పరుషముతోను, కుక్కలను డాగ్ౙ్ అని సరళముతోను పలుకవలెను; అక్షరము మాత్రము రెంటను ఒక్కటే. లాటినులో వ్రాయుటకు సంబంధించిన ధాతువులోని బకారము తకారము ముందు పకార మగుటచేత, ఇంగ్లీషున డిస్క్రైబ్ అను క్రియకు డిస్క్రిప్షన్ అను నామము వచ్చినది. దీనిని ఇంతతో విడుతము.

ఎస్పెరాంతోవారిలో రెండు పక్షము లున్నవి. వ్రాసినట్లే ఎక్‌ౙిస్తి (ఉండుట) అని పలుకవలెననువారి మతమును ఎక్‌ౙిస్మో యనియు, ఎగ్‌ౙిస్తి యనుట సహజమనువారి మతమును ఎగ్‌ౙిస్మో యనియు పిలుతురు. పేళ్లలోనే తగవంతయు నున్నది. మొదటి పక్షమువారు తొమ్మిదవ సూత్రమును చూపుదురు: నేడు ఒక సడలింపు ఒప్పుకొనిన, రేపు ఒక్కొక్క దేశమువాడు తన తన సడలింపు కోరును, అప్పుడు భాష పదిముక్కలగు నందురు. రెండవ పక్షమునకు బలము హంగేరీ కవి కాలోచాయును, ఫ్రెంచి పండితుడు వారెంగ్యెన్‌యు కలిసి వ్రాసిన పెద్ద వ్యాకరణము. దాని మొదటి కూర్పు 1935లో వెలువడినది. పరుష సరళములు ఒకదాని నొకటి తాకినప్పుడు వానిలో నొకటి లొంగుట తప్పనిదని వారి యభిప్రాయము. నోరు చేయక మానని పనిని సూత్రముతో నిషేధించుట యెందులకు?

ౙామెన్‌హోఫ్ ఏ పక్షమువాడని యడిగిన, ఆయన చేతలే సమాధానము చెప్పును. ఆయన ప్రత్యయములలో నధికభాగము అచ్చుతోనే మొదలగును. స్త్రీవాచకమునకు ఇన్, చిన్నదానికి ఏత్, పెద్దదానికి ఏగ్, చోటునకు ఏయ్. వ్రాయుట స్క్రీబి, వ్రాయబడినది స్క్రీబీతా. లాటినులో తాకిడి కలిగిన చోటనే ఇకార మొకటి వచ్చి బకారమును కాపాడినది. నామములు ఓకారముతోను, విశేషణములు ఆకారముతోను ముగియును గనుక, మాట చివర కూడ చిక్కు తక్కువ. ఇది మన తెలుగు అజంతత్వమువంటిదే. ఎక్, దిస్ వంటి ఉపసర్గలయొద్దను, సమాసములయందును, ఎక్‌ౙామేనో వంటి యెరవు మాటలయందును మాత్రమే తాకిడి మిగిలినది. సమాసములకును ఆయన యొక మందుంచెను: ఉచ్చారణకు సుఖమైనచో నడుమ ఓకారమును నిలుపుకొనవచ్చును.

ఆ మందు విలువ తెలియుటకు గులాబిరంగును చూడుడు. రోౙో గులాబి, కోలోరో రంగు. ఓకారము వదలి రోౙ్‌కోలోరా యని సమాసము చేసిన, కకారము తాకి ౙకారము సకారమగును. అది రోస్‌కోలోరా, అనగా మంచురంగు! గులాబి యెఱ్ఱదనము మంచు తెల్లదనముగా మాఱిపోయినది. అందుచేత ఓకారము నుంచి రోౙోకోలోరా యనుటయే మేలని యెంచిరి. ఎనుబదిని ఓగ్‌దెక్ అనిన నష్టము లేదు. "ఓగ్" అను వేఱుమాట అచ్చట లేదు. గులాబియొద్ద నష్టమున్నది, అచ్చట అచ్చు కాపలా నిలిచినది. మాకు తోచినంతవఱకు ఈ తగవునకు ఇదియే తీర్పు: అర్థము చెడనిచోట నోటిని దండింపరాదు, అర్థము చెడుచోట ఓకారమును పిలువవలెను. వ్రాతలో మాత్రము ధాతువు నెన్నడు కదలింపరాదు. ఎక్‌ౙిస్మోవారు మమ్ము మెత్తనివార మందురేమో, అనుదురు గాక.

ఆపత్కాలము మాట యింకను మిగిలియున్నది. ఆ బాలిక మఱి రెండేండ్లకు మా పాఠశాల విడిచి కళాశాలకు పోయినది. ఆమెకు చెప్పవలసిన కారణమును ఇప్పుడు ప్రతి సంవత్సరము తొమ్మిదవ తరగతికి, కంఠముపై వ్రేళ్లు పెట్టించి చెప్పుచున్నాము. తెలుగుపత్రమున ఆపత్కాలమనియే వ్రాయవలెను, అందు మార్పు లేదు. కాని దకారము వ్రాసిన విద్యార్థిని పిలిచి, ఎందులకు వ్రాసితివని ముందుగా నడుగుచున్నాము. "ఆపద నుండి" అని కారణము చెప్పగలిగిన వారికి మార్కు తగ్గించుట మానితిమి. ఇది నియమవిరుద్ధమని తోడి యుపాధ్యాయు లొకరిద్దఱు అనుచున్నారు. పోయిన సంవత్సర మొక బాలుడు "జగత్గురువు" అని వ్రాసి, కారణమడుగగా "ఊరకే వ్రాసితినండీ" అనెను. వానికి మాత్రము తగ్గించితిమి.

విద్యార్థులు ఈ క్రింది మాటలను మొదట నిదానముగాను, పిమ్మట వడిగాను, కంఠముపై వ్రేళ్లుంచి పలికి, ఏ హల్లు మాఱినదో, దానిని మార్చిన దేదియో తమ పుస్తకములలో వ్రాసికొని రావలెను: సేస్‌దెక్ (అఱువది), దిస్‌దోని (పంచిపెట్టుట), ఎక్‌దోర్మి (నిద్రపట్టుట), అబ్‌సోలూతా (పరిపూర్ణమైన), స్క్రీబీతా (వ్రాయబడిన). చివరిదానిలో నేమియు మాఱనిచో, ఎందుచేత మాఱలేదో కూడ వ్రాయవలెను.